నర్స్ రికవరీ ప్రోగ్రాం: అమెరికాలో ఐదేళ్ళ మానిటరింగ్ పూర్తయిన రోజు నిజంగా ఏం మారుతుంది?

ఈ ఎపిసోడ్ టాపిక్ కొంచెం సీరియస్. కానీ మన తెలుగువాళ్ళలో దీని గురించి మాట్లాడేవాళ్ళు చాలా తక్కువ. అందుకే తీసుకున్నా.

ఒక ఉద్యోగం ఊహించుకోండి. రోజూ పొద్దున లేవగానే ఫోన్‌లో ఒక యాప్ ఓపెన్ చేసి చెక్-ఇన్ చేయాలి. "ఈ రోజు మీకు టెస్ట్ లేదు" అని వస్తే సరే. "టెస్ట్ ఉంది" అని వస్తే, ఆ రోజే, ఆ టైమ్ లోపలే, కలెక్షన్ సెంటర్‌కి వెళ్ళి యూరిన్ శాంపిల్ ఇవ్వాలి. పెళ్ళి ఉన్నా, జ్వరం ఉన్నా, నైట్ సరిగ్గా నిద్ర లేకపోయినా అంతే. ఐదేళ్ళంటే సుమారు 1,826 పొద్దుటి చెక్-ఇన్‌లు. ఒక్కటి మిస్ అయినా రూల్ తప్పినట్టే రాస్తారు.

ఇది జైలు శిక్ష కాదు. అమెరికాలో మత్తుమందు లేదా ఆల్కహాల్ వ్యసనంలో పడి, మళ్ళీ తన నర్సింగ్ లైసెన్స్ నిలబెట్టుకోవాలనుకునే నర్స్ ఒప్పుకునే కాంట్రాక్ట్. ఈ ప్రోగ్రాం ఎందుకు పుట్టింది, లోపల ఏం జరుగుతుంది, ముఖ్యంగా పూర్తి చేశాక ఏం మారుతుంది, ఏం మారదు అనేది ఈ రోజు చూద్దాం.

నేను మెడికల్ ఫీల్డ్ కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి ఇటు వచ్చినవాణ్ణి. కానీ ఈ సిస్టమ్ చదువుతుంటే నాకు ప్రతి అడుగులోనూ మన ప్రొడక్షన్ సర్వర్లే గుర్తొచ్చాయి. ఎలాగో చెప్తా.

నర్సే ఎందుకు?

మొదటి ప్రశ్న ఇదే కదా. అన్నీ తెలిసినవాళ్ళు ఎందుకు పడతారు?

తెలియడమే సమస్యలో సగం. పన్నెండు గంటల షిఫ్ట్, నైట్ డ్యూటీలు, పేషెంట్లని ఎత్తి దించి నడుం నొప్పి. ఎదురుగా నొప్పి తగ్గించే మందు. "డోస్ ఎంతో నాకు తెలుసు, కంట్రోల్‌లో పెట్టుకోగలను" అనే నమ్మకం. ఈ మూడూ కలిస్తే చాలు. హాస్పిటల్లో రోజూ వాడే ఫెంటానిల్ మార్ఫిన్ కన్నా 50 నుంచి 100 రెట్లు బలమైన మందు. అలాంటి మందుకి తాళం ఈ నర్సు చేతిలోనే ఉంటుంది.

మన భాషలో చెప్పాలంటే రూట్ యాక్సెస్ అన్నమాట.

అమెరికా హాస్పిటళ్ళలో ఈ మందులు పిక్సిస్, ఆమ్నిసెల్ లాంటి ఆటోమేటిక్ క్యాబినెట్లలో ఉంటాయి. వేలిముద్ర పెడితేనో, పాస్‌వర్డ్ కొడితేనో తెరుచుకుంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ పేషెంట్ పేరు మీద, ఎంత తీశారో మొత్తం లాగ్ అవుతుంది. పేషెంట్‌కి ఇవ్వగా మిగిలిన మందుని ఇంకో నర్స్ చూస్తుండగా పారేయాలి, ఇద్దరూ ఎంట్రీ వేయాలి. మన దగ్గర కోడ్ మెర్జ్ చేయడానికి రెండో మనిషి అప్రూవల్ అడిగినట్టే.

ఆ లాగ్స్‌లోనే తేడా బయటపడుతుంది. వార్డులో మిగతావాళ్ళ కన్నా ఒకరు చాలా ఎక్కువ మందు తీస్తున్నారు. చార్ట్‌లో ఇచ్చినట్టు ఉంది, పేషెంట్ మాత్రం నొప్పి తగ్గలేదంటున్నాడు. అప్పుడు మేనేజర్ గదికి పిలుపొస్తుంది.

ఉద్యోగం పీకేస్తే సరిపోదా?

చాలామంది ఇదే అంటారు. "దొంగతనం చేసింది, తీసేయండి, అంతే." వినడానికి సింపుల్‌గా ఉంది. కానీ పేషెంట్ వైపు నుంచి ఆలోచిస్తే అదే అన్నిటికన్నా ప్రమాదకరం.

ఒక నిజమైన కేసు చెప్తా. డేవిడ్ క్వియాట్కౌస్కీ అనే అతను నర్స్ కాదు, హాస్పిటళ్ళలో కార్డియాక్ టెక్నీషియన్. ఫెంటానిల్ సిరంజిలు దొంగిలించి, తను వాడి, వాటిలో సెలైన్ నింపి తిరిగి పెట్టేవాడు. అతనికి హెపటైటిస్ సి ఉంది. న్యూ హాంప్‌షైర్‌లోని ఎక్సెటర్ హాస్పిటల్లో 2012లో విషయం బయటపడే సరికి చాలా రాష్ట్రాల్లో, చాలా హాస్పిటళ్ళలో పనిచేసి ఉన్నాడు. నలభై మందికి పైగా పేషెంట్లకి ఆ ఇన్ఫెక్షన్ అంటుకుంది. 2013 డిసెంబర్‌లో కోర్టు 39 ఏళ్ళ జైలు శిక్ష వేసింది.

ఇందులో పాఠం ఏంటంటే, అతని మీద అంతకుముందు కూడా అనుమానాలొచ్చాయి, ఉద్యోగాలు పోయాయి. కానీ మనిషి మాత్రం తర్వాతి ఊరికి, తర్వాతి హాస్పిటల్‌కి వెళ్ళిపోయాడు. బగ్ ఫిక్స్ చేయకుండా వేరే సర్వర్‌లోకి మార్చినట్టు.

నర్సింగ్ సంఘాలకి ఈ సంగతి ముందే అర్థమైంది. భయం ఎక్కువైతే అందరూ దాచుకుంటారు. తోటి నర్స్ కూడా "పాపం, దాని జీవితం పోతుంది" అని నోరు విప్పదు. అందుకే ఫ్లోరిడా 1983లో చట్టం చేసి ఇంటర్వెన్షన్ ప్రాజెక్ట్ ఫర్ నర్సెస్ మొదలుపెట్టింది. తర్వాత కాలిఫోర్నియా, టెక్సాస్, అలా చాలా రాష్ట్రాలు ఇదే దారిలో వచ్చాయి. శిక్షకి బదులు చికిత్స, చికిత్స తర్వాత ఏళ్ళ తరబడి నిఘా. వీటిని ఆల్టర్నేటివ్ టు డిసిప్లిన్ ప్రోగ్రాములు అంటారు.

స్వచ్ఛందం అని పేరే గానీ, కాదంటే కేసు నేరుగా నర్సింగ్ బోర్డుకి వెళ్తుంది. అంటే ఎంచుకునే హక్కు ఉంది, కానీ రెండు దారులూ కష్టమే.

లోపల ఏం ఉంటుంది?

ఒక నర్స్ అనుకుందాం. పేరొద్దు, "అక్క" అందాం. అక్క కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టింది. సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ళు.

మొదట పని ఆగిపోతుంది. వ్యసన వైద్యుల దగ్గర పరీక్ష, చికిత్స. "ఇప్పుడు పనిచేయగలదు" అని వాళ్ళు రాసిచ్చాకే మళ్ళీ డ్యూటీ. అది కూడా పాత డ్యూటీ కాదు. చాలా ప్రోగ్రాముల్లో మొదట ఆరు నెలలో, ఏడాదో నార్కోటిక్ మందులు ముట్టుకోకూడదు. నైట్ షిఫ్ట్ లేదు, ఓవర్‌టైమ్ లేదు, ఏజెన్సీ ద్వారా పని లేదు, ఒంటరిగా పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళే పని లేదు. వార్డులో ఒక సీనియర్‌ని వర్క్‌సైట్ మానిటర్‌గా పెడతారు, ఆమె క్రమం తప్పకుండా రిపోర్ట్ పంపాలి. అంటే రైట్ యాక్సెస్ తీసేసి రీడ్-ఓన్లీ ఇచ్చినట్టు.

ఇక టెస్టులు. ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం, బీటెక్ అలవాటు పోదు కదా. నెలకి రెండు టెస్టులు అనుకుంటే ఐదేళ్ళలో 120. సగటున ఏ రోజైనా పేరు వచ్చే అవకాశం సుమారు 15లో ఒకటి. ముఖ్యమైన విషయం, ప్రతి రోజు లాటరీ వేరు. నిన్న టెస్ట్ ఇచ్చావు కాబట్టి ఈ రోజు రాదు అనుకోవడానికి లేదు. వరుసగా రెండు రోజులు రావచ్చు. "ఈ వారం సేఫ్" అనే ఆలోచనకి చోటు లేకుండా చేయడమే ర్యాండమ్‌కి అసలు అర్థం. పైగా మొదటి ఏడాది టెస్టులు ఎక్కువ, పోను పోను తగ్గిస్తారు.

ఆల్కహాల్‌కి ఈటీజీ అనే యూరిన్ టెస్ట్ ఉంది. తాగిన తర్వాత రెండు, మూడు రోజుల దాకా పట్టేస్తుంది. పెత్ అనే బ్లడ్ టెస్ట్ అయితే రెండు నుంచి నాలుగు వారాల వెనక్కి చూస్తుంది. ఈటీజీ ఎంత సెన్సిటివ్ అంటే హ్యాండ్ శానిటైజర్, మౌత్‌వాష్, దగ్గు సిరప్ కూడా గందరగోళం చేయొచ్చు. ఆ ఒక్క టెస్ట్‌నే ఆధారం చేసుకుని మనిషి మీద చర్య తీసుకోవద్దని అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్హ్సా 2006లోనే హెచ్చరించింది.

మన వంటింటి విషయం కూడా ఒకటుంది. గసగసాలు. చికెన్ కూరలో గసగసాల ముద్ద వేస్తాం కదా? అవి వచ్చేది ఓపియం గసగసాల మొక్క నుంచే. గింజల మీద మార్ఫిన్ ఆనవాళ్ళు ఉండొచ్చు, టెస్ట్‌లో కనిపించొచ్చు. అందుకే ఇలాంటి ప్రోగ్రాముల్లో ఉన్నవాళ్ళని గసగసాలు తినొద్దంటారు. అంటే ఈ అక్క మన తెలుగు అక్క అయితే, ఎవరింటికైనా భోజనానికి వెళ్ళినప్పుడు "పిన్నీ, కూరలో గసగసాలు వేశారా?" అని అడగాలి. ఎందుకమ్మా అంటే ఏం చెప్తుంది? చిన్న విషయంలా ఉంటుంది. కానీ ఐదేళ్ళు ప్రతి విందులో ఆ ప్రశ్న మోయాలి. హోమియోపతి చుక్కల మందులో ఆల్కహాల్ ఉంటుంది, అదీ వద్దు. తమ్ముడి పెళ్ళికి విజయవాడ రావాలన్నా ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి.

డబ్బు సంగతి. చాలా రాష్ట్రాల్లో టెస్టుల ఖర్చు నర్స్ జేబులోంచే. ఓవర్‌టైమ్ లేదు, కొన్ని నెలలు జీతమే లేదు, ఖర్చు మాత్రం ఆగదు. మధ్యలో ఆగిపోయేవాళ్ళలో అందరూ మళ్ళీ మత్తు వాడి ఆగిపోరు. కొంతమందిని బిల్లులే ఆపేస్తాయి.

ఇంత కఠినం అవసరమా?

న్యాయమైన ప్రశ్న. నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి ఎన్‌సీఎస్‌బీఎన్ 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఐదేళ్ళ నిడివి, రోజూ చెక్-ఇన్, నెలకి కనీసం రెండు ర్యాండమ్ టెస్టులు ఉన్నచోట విజయవంతంగా పూర్తి చేసేవాళ్ళు ఎక్కువ.

డాక్టర్ల మీద ఇంకో పెద్ద అధ్యయనం 2008లో బీఎంజేలో వచ్చింది. 16 రాష్ట్రాల ప్రోగ్రాముల్లోని 904 మంది డాక్టర్లు. ఐదేళ్ళ తర్వాత వివరాలు దొరికిన 802 మందిలో 631 మంది, అంటే సుమారు 79 శాతం, లైసెన్స్‌తో పనిచేస్తున్నారు. "ఒకసారి పడితే ఇక లేవలేరు" అనే మాటకి ఇది గట్టి జవాబు. వీళ్ళకి మంచి చికిత్స దొరికింది, పోగొట్టుకోవడానికి లైసెన్స్ ఉంది, అడిగేవాళ్ళు ఉన్నారు. మామూలు మనిషికి ఈ మూడూ ఒకేచోట దొరకడం కష్టం, అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

తప్పులు లేవా? ఉన్నాయి. ఓపియాయిడ్ వ్యసనానికి బ్యూప్రెనార్ఫిన్ అనేది డాక్టర్లు రాసే, బాగా పనిచేసే మందు. ఆ మందు వాడుతున్న నర్స్‌ని ప్రోగ్రాంలోకి రానివ్వకపోవడం వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని 2022లో అమెరికా న్యాయశాఖ ఇండియానా నర్సింగ్ బోర్డుకి తేల్చి చెప్పింది. షుగర్ పేషెంట్‌ని ఇన్సులిన్ మానేస్తేనే ఉద్యోగం అన్నట్టు ఉంది కదా!

పూర్తి చేయడం అంటే?

ఇప్పుడు అసలు పాయింట్. ఐదేళ్ళ కాంట్రాక్ట్‌లో ఐదేళ్ళు గడిస్తే ఆటోమేటిక్‌గా అయిపోదు. క్యాలెండర్ ఒకటే సరిపోదు. చివర్లో వర్క్‌సైట్ మానిటర్ రిపోర్ట్, థెరపిస్ట్ ఉత్తరం, కొన్ని చోట్ల ఫైనల్ అసెస్‌మెంట్, మళ్ళీ పడిపోకుండా తన సొంత ప్లాన్ రాసివ్వడం, బాకీలు కట్టేయడం. మధ్యలో ఎక్కడైనా టెస్ట్ పాజిటివ్ వచ్చి ఉంటే గడువు పొడిగించి ఉంటారు. ఇవన్నీ సరిపోతేనే కంప్లీషన్ లెటర్.

ఆ లెటర్ వచ్చాక ఏం మారుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకటి, పబ్లిక్ రికార్డ్. అక్క బోర్డు శిక్ష లేకుండా ఆల్టర్నేటివ్ ప్రోగ్రాంలోనే ఉండి ఉంటే, మామూలుగా అది రహస్యంగానే ఉంటుంది. కానీ బోర్డు ఆర్డర్ ద్వారా ప్రొబేషన్‌లో ఉండి ఉంటే, ఆర్డర్ నర్సిస్ అనే జాతీయ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. పూర్తి చేశాక కూడా సాధారణంగా ఆ చరిత్ర మాసిపోదు, "పూర్తి చేసింది" అని పక్కన చేరుతుంది. గిట్ హిస్టరీ లాగా. కొత్త కమిట్ వేయగలం, పాతది చెరపలేం.

రెండు, వేరే రాష్ట్రంలో పని. నర్స్ లైసెన్సర్ కాంపాక్ట్ అని చాలా రాష్ట్రాల ఒప్పందం ఉంది, ఒకే లైసెన్స్‌తో అన్నిచోట్లా పనిచేయొచ్చు. ప్రోగ్రాంలో ఉన్నంతకాలం ఆ మల్టీస్టేట్ సౌకర్యం ఉండదు. పూర్తయ్యాక దానికి మళ్ళీ అడగొచ్చు. ఎవరూ ఇంటికి తెచ్చి ఇవ్వరు, అడిగి తెచ్చుకోవాలి.

మూడు, ఫారాల్లో ప్రశ్నలు. "ప్రస్తుతం ఏదైనా ప్రోగ్రాంలో ఉన్నారా?" అనేది ఒక ప్రశ్న. "ఎప్పుడైనా ఉన్నారా?" అనేది ఇంకో ప్రశ్న. "గత ఐదేళ్ళలో?" అనేది మూడోది. ఒక్క పదంతో జవాబు మారిపోతుంది. అడిగినదానికి నిజం చెప్పాలి. దాచి దొరికితే, ఈసారి కేసు వ్యసనం మీద కాదు, అబద్ధం మీద ఉంటుంది. దానికి రికవరీ ప్రోగ్రాం లేదు.

నాలుగు, ప్రోగ్రాంకి సంబంధం లేనివి. క్రిమినల్ కేసు ఉంటే అది కోర్టులోనే తేలాలి. లైసెన్స్ సస్పెండ్ అయి, ఆ కారణంగా ఫెడరల్ హెల్త్ ప్రోగ్రాముల నుంచి నిషేధం పడి ఉంటే, లైసెన్స్ తిరిగొచ్చినంత మాత్రాన నిషేధం పోదు. వేరేగా అప్లై చేయాలి. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. లైసెన్స్ క్లీన్, కానీ ఏ హాస్పిటలూ తీసుకోలేదు.

ఐదు, మనవాళ్ళకి ముఖ్యమైనది. హైదరాబాద్‌లోనే ఎన్‌క్లెక్స్ రాసి, ఈబీ-3 వీసా మీద వెళ్ళేవాళ్ళున్నారు. ఇంకా పౌరసత్వం రాని నర్స్‌కి మత్తుమందు కేసు అంటే లైసెన్స్‌తో పాటు ఇమిగ్రేషన్ కూడా ప్రమాదంలో పడుతుంది. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టే ముందే నర్సింగ్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌తోనూ మాట్లాడాలి. తర్వాత కాదు, ముందే.

ఇంకో మాట, కంప్లీషన్ లెటర్ ఒరిజినల్ జాగ్రత్తగా దాచుకోవాలి. స్కాన్ తీసి రెండు చోట్ల పెట్టుకోవాలి. పదేళ్ళ తర్వాత వేరే రాష్ట్రం అడిగితే ఆ కాగితమే సాక్ష్యం.

లెటర్ వచ్చాక అసలు రిస్క్

సంతోషంగా కేక్ కట్ చేసి అయిపోయిందనుకుంటే పొరపాటు. ఐదేళ్ళు అక్కకి "వద్దు" అనడానికి బయట ఒక కారణం ఉంది. "రేపు టెస్ట్ వస్తుందేమో." అది ఇప్పుడు లేదు. ఆ "వద్దు" ఇక నుంచి తన లోపల్నుంచే రావాలి.

ఇక్కడ ప్రాణం మీదకొచ్చే విషయం ఒకటుంది, దయచేసి జాగ్రత్తగా వినండి. ఏళ్ళ తరబడి మానేసిన శరీరానికి పాత తట్టుకునే శక్తి ఉండదు. ఒకప్పుడు మామూలనిపించిన డోస్ ఇప్పుడు ఊపిరి ఆపేయొచ్చు. బాగా కోలుకున్న మనిషి ఒక్కసారి జారితే చనిపోయే ప్రమాదం ఎక్కువ కావడానికి కారణం ఇదే. అందుకే అమెరికాలో ఇంట్లో నాలాక్సోన్ స్ప్రే పెట్టుకోమంటారు. అది ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌కి విరుగుడు, 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతోంది.

మిగతా జాగ్రత్తలు కూడా ప్రాక్టికల్‌వే. సపోర్ట్ గ్రూప్‌కి వెళ్ళడం ఒక్క రోజులో ఆపేయొద్దు. పళ్ళ డాక్టర్‌కి, సర్జన్‌కి ముందే చెప్పాలి, నొప్పికి వేరే మందులు ఆలోచిస్తారు. తప్పనిసరై ఆపరేషన్ తర్వాత ఓపియాయిడ్ ఇస్తే ఆ సీసా ఇంకొకరి చేతిలో ఉండాలి. ఐసీయూకి, ఎమర్జెన్సీకి తిరిగి వెళ్ళాలా, లేక ఆ క్యాబినెట్ లేని క్లినిక్‌లో, ఇన్సూరెన్స్‌లో, టీచింగ్‌లో స్థిరపడాలా అనేది తొందరపడి తేల్చుకోకూడదు. అనుమతి వచ్చింది కదా అని తాళం తీసుకోవాలని లేదు. సాఫ్ట్‌వేర్‌లో కూడా మంచి ఇంజినీర్ అవసరం లేని యాక్సెస్‌ని తనే తీసేయమంటాడు. అది బలహీనత కాదు.

చూసే మనకి ఏంటి?

సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ పడిపోతే పోస్ట్‌మార్టమ్ రాస్తాం. మంచి టీమ్‌లో "ఎవడు చేశాడు" తర్వాత, "ఎలా జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి" ముందు. ఈ ప్రోగ్రాముల వెనక ఉన్న ఆలోచన కూడా అదే. పేషెంట్‌కి రక్షణ, నర్స్‌కి చికిత్స రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు. భయపడి దాచుకునే నర్స్ కన్నా, రోజూ టెస్ట్‌కి సిద్ధంగా ఉండి పనిచేసే నర్స్ దగ్గరే పేషెంట్ క్షేమంగా ఉంటాడు.

మన ఇళ్ళల్లో ఈ విషయం వస్తే వచ్చే మొదటి మాట "పరువు". ఆ ఒక్క మాట వల్ల చికిత్స ఏళ్ళు ఆలస్యమవుతుంది. మీ ఇంట్లో, హాస్టల్లో, వార్డులో ఎవరైనా ఇలా ఇబ్బంది పడుతుంటే, మన దేశంలో మత్తు మాన్పించడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది, మానసిక సాయానికి టెలీమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళకి 988 ఉంది. నర్స్ అయితే తన రాష్ట్ర ప్రోగ్రాంకి తనే ముందు ఫోన్ చేయడం, ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆగడం, ఈ రెండిటి మధ్య చాలా తేడా ఉంటుంది. రూల్స్ రాష్ట్రానికో రకంగా ఉంటాయి కాబట్టి సంతకానికి ముందు లాయర్‌ని అడగడం మర్చిపోవద్దు.

ఈ ఎపిసోడ్ ఎవరికైనా పనికొస్తుందనిపిస్తే గ్రూప్‌లో పెట్టకుండా, వాళ్ళకి మాత్రమే విడిగా పంపండి. ఈ టాపిక్‌లో ఆ మాత్రం మర్యాద అవసరం. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.